సముద్రం ఒడ్డున ఉప్పు తక్కువ పాట

మా వదిన పందెం కట్టకపోతే నేను ఐర్లాండు పోయి కూడా సముద్రం చూసి, ఒక ఫొటో దిగి, ఊరుకునేదాన్ని.

వదిన అంటే మా ఆయన అక్క, సరోజన. పాల్వంచలో వాళ్లింటికీ మా ఇంటికీ మధ్య ఒక గోడ ఉంది, ఆ గోడకు ఒక చిన్న తలుపు ఉంది. ఆ తలుపులోంచి ఆమె రోజుకు నాలుగుసార్లు వస్తుంది. వచ్చినప్పుడల్లా పొయ్యి మీది కూర రుచి చూస్తుంది. మా వాడలో బతుకమ్మ పాట ఎత్తేది ఆమే. ముప్పై ఏళ్లుగా ఆమె ఎత్తుతుంది, నలభై మంది ఆడవాళ్లు అందుకుంటారు. నాకు అందుకునే భాగ్యం కూడా లేదు.

పాటలు రాక కాదు. చండ్రుగొండలో మా అమ్మ ఇసుర్రాయి ముందు కూర్చుని పాడినవన్నీ నాకు కంఠస్థం. కాని పాట మొదలుపెట్టానంటే నా గొంతు ఆగదు, ముందుకు ఉరుకుతుంది. పెళ్లయిన కొత్తలో ఒకసారి ధైర్యం చేసి పాట ఎత్తాను. రెండో చరణానికే నేను ఒకచోట, ఆడవాళ్ల చప్పట్లు ఒకచోట. వదిన ఆట ఆపి, అందరి ముందు అన్నది:

“ఏందే శాంతా, బస్సు పోతుందా? గట్ల ఉరుకుతున్నవ్. నువ్వు చప్పట్లు కొట్టు, చాలు.”

అప్పటినుంచి చప్పట్లే.

ఐర్లాండుకు బయలుదేరే ముందురోజు సూట్‌కేసు సర్దుతుంటే ఆ తలుపులోంచే వచ్చింది. చేతిలో తను చేసిన రెండు కిలోల సకినాల డబ్బా.

“ఆడ తెల్లోళ్లకు పాటలు గిట్ల పాడి వినిపిస్తవా ఏంది?” అని నవ్వింది.

“పాడుతా. ఎందుకు పాడ?” అన్నాను. నోరు జారిందంటే జారింది.

వదిన డబ్బా కింద పెట్టి నడుము మీద చేతులు వేసుకుంది. “సరే. పదిమంది ముందట ఒక్క పాట, మొదటికెళ్లి ఆఖరు దాక, నిలబెట్టి పాడు. ఈసారి సద్దుల బతుకమ్మనాడు పాట నువ్వే ఎత్తు. నేను ఎనక నిలబడి చప్పట్లు కొడత.”

“వీడియో పంపుతా.”

“వీడియో నేను నమ్మ. ఫోన్ల ఎవల గొంతు ఎవలకైనా అతికిస్తున్నరు. నేను నా కండ్లతోటి చూడాలె.”

అట్లా నా సూట్‌కేసులో సకినాలతోపాటు ఆ పందెం కూడా విమానం ఎక్కింది.

రెండో షిఫ్టు

నేను పోయింది మా చెల్లె బిడ్డ మౌనిక కోసం. ఆ పిల్ల డబ్లిన్‌లో నర్సు. బాబు పుట్టాడు. మొదటి మూడు నెలలు మా చెల్లె ఉండి వచ్చింది, తర్వాతి మూడు నెలలు నేను. మా ఆయన పవర్ స్టేషన్‌లో బొగ్గు బెల్టు దగ్గర చేసేవాడు, షిఫ్టు మారేటప్పుడు ఒకరు ఇంకొకరికి అప్పజెప్పే పద్ధతి నాకు తెలుసు. మా చెల్లె అంతకన్నా గట్టిగా అప్పజెప్పింది. బాబు ఎడమ పక్కకు పండుకోడు, అల్లుడు వంకాయ తినడు, మౌనికకు పొద్దున టీ ఇవ్వకుండా మాట్లాడకూడదు.

నెల రోజులు నేను చూసిన ఐర్లాండు వంటింటి కిటికీలోంచి కనిపించే వాన. మన దగ్గర వాన వస్తే వచ్చింది అంటాం, పోతే పోయింది అంటాం. అక్కడి వాన వచ్చినట్టూ తెలియదు, పోయినట్టూ తెలియదు. ఆరేసిన బట్టలను మాత్రం ఎండనివ్వదు.

జూలైలో ఒక ఆదివారం మౌనికకు డ్యూటీ లేదు, వాన కూడా లేదు. “పెద్దమ్మా, నడువు. ఇయ్యాల నీకు సముద్రం చూపిస్త” అన్నది.

అరవై ఒక్క ఏళ్లు వచ్చాయి, నేను సముద్రం చూడలేదు. గోదారి చూసినదానికి ఇంకేం కావాలి అనుకునేదాన్ని. బాబును అల్లుడికి అప్పజెప్పాం. ఆయన ముఖం పరీక్ష హాల్లో కూర్చున్నవాడిలా ఉంది. పులిహోర, సకినాలు, ఫ్లాస్కులో టీ సంచిలో పెట్టుకుని బయలుదేరాం.

రైల్లో బిళ్ల

బ్రే అనే ఊరికి డబ్లిన్ నుంచి రైలు ఉంది. సగం దారి సముద్రం పక్కనే పోతుంది. నీళ్లు కనిపించగానే నా చెయ్యి దానంతట అదే పర్సులోకి పోయింది. భద్రాచలం పోతూ సారపాక దాటి బస్సు గోదారి బ్రిడ్జి ఎక్కిందంటే కిటికీ పక్కన ఉన్నవాళ్లంతా రూపాయి బిళ్ల వేసి దండం పెడతారు. చేతిలో బిళ్ల లేకపోతే నేను పక్కవాళ్లను అడుక్కునైనా వేస్తాను. గోదారికే వేసినదాన్ని, గోదారి పోయి కలిసే సముద్రానికి వేయకుండా ఎట్లా ఉంటాను?

కాని ఆ రైలుకు కిటికీలు తెరుచుకోవు. ఒక స్టేషన్లో తలుపు తెరుచుకుంది. ప్లాట్‌ఫారం అవతలే నీళ్లు. నేను లేచి, కళ్లు మూసుకుని విసిరాను. అప్పుడే ఎక్కుతున్న ఒక పొడుగాయన కోటుకు తగిలి బిళ్ల కింద పడింది. ఆయన వంగి తీసి, తుడిచి, నా చేతిలో పెట్టి నవ్వాడు. నేను దండం పెట్టి మళ్లీ విసరబోయాను, తలుపు మూసుకుంది. బిళ్ల తలుపుకు తగిలి దొర్లుకుంటూ మళ్లీ ఆయన బూటు దగ్గరికే పోయింది. ఆయన మళ్లీ తీసి ఇచ్చాడు. ఈసారి నా వేళ్లు మూసి, పిడికిలి మీద మెల్లగా తట్టాడు. పెద్దావిడ, చేతులు వణుకుతున్నాయి పాపం అనుకుని ఉంటాడు.

మౌనిక ఫోను ముఖానికి అడ్డం పెట్టుకుంది. “పెద్దమ్మా, నేను ఈ రైల్ల రోజూ డ్యూటీకి పోవాలె” అన్నది.

రాళ్ల ఒడ్డు

సముద్రం ఒడ్డంటే ఇసుక అని టీవీలో చూశాను. బ్రేలో అన్నీ గుండ్రాళ్లు. చెప్పులు విడిచి నడిస్తే పెళ్లికూతురు నడక వచ్చింది. ఒడ్డు పొడుగునా సిమెంటు బాట, బాట మీద మనుషులు, మనుషులకన్నా ఎక్కువ కుక్కలు. ఒక్క కుక్క కూడా మొరగదు. మా వాడ కుక్కలను తీసుకుపోయి ఒకసారి చూపించాలి.

వేయించిన చేప, ఆలుగడ్డ ముక్కలు పద్నాలుగు యూరోలు. మన డబ్బుల్లో ఎంతని అడిగితే మౌనిక చెప్పలేదు. చెప్పకపోయినా నాకు లెక్క వచ్చు. ఒక చేప కొని ఇద్దరం పంచుకున్నాం. చేపలో కారం లేదు, పసుపు లేదు, ముల్లు కూడా లేదు. పసిపిల్లలకు పెట్టే అన్నంలా ఉంది.

అందుకని సకినాల డబ్బా తెరిచాను. తెరిచానో లేదో నెత్తి మీద రెక్కల చప్పుడు. కోడిపుంజంత తెల్ల పిట్ట ఒకటి నా చేతిలోని సకినాన్ని ముక్కుతో లాక్కుని పోయింది. పాల్వంచలో కాల్చిన సకినం ఐర్లాండు ఆకాశంలో ఎగురుతుంటే నోరు తెరిచి చూశాను. ఆ పిట్ట కొంచెం దూరం పోయి రాయి మీద వాలింది. రెండుసార్లు పొడిచింది. వదిలేసి పోయింది. అవి మా వదిన చేసిన సకినాలని మీకు ముందే చెప్పాను.

తర్వాత చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని నీళ్లలో దిగాను. మాఘమాసంలో కిన్నెరసాని నీళ్లు దీని ముందు కాచిన నీళ్లు. చీలమండల దాకా దిగి, కొంగున కట్టుకున్న పసుపు కుంకుమ చల్లి, మూడు దోసిళ్లు నెత్తి మీద పోసుకుని, రైల్లో రెండుసార్లు వెనక్కి వచ్చిన బిళ్లను గట్టిగా విసిరాను. ఈసారి పడింది. పడ్డచోటే నీళ్లలోంచి పసుపురంగు టోపీ పెట్టుకున్న ఒక తలకాయ పైకి లేచింది.

ఆమె పేరు నోరీన్. డెబ్బై దాటిన ముసలమ్మ. రోజూ ఆ నీళ్లలో ఈదుతుందట. బయటికి వచ్చినప్పుడు ఆమె ఒంటి మీది బట్ట చూసి నేను మర్యాదగా ఒడ్డు చివరనున్న కొండవైపు తల తిప్పుకున్నాను. ఆమె తువ్వాలు చుట్టుకుని తిన్నగా నా దగ్గరికే వచ్చింది.

“నువ్వు నీళ్లల్ల ఏం చల్లినవని అడుగుతున్నది” అన్నది మౌనిక.

“మొదటిసారి ఒకరింటికి పోతే వట్టి చేతులతో పోతమా? గదే చెప్పు.”

మౌనిక చెప్పింది. నోరీన్ తల ఊపి, అదేదో తనకు తెలిసిన మాటే అన్నట్టు నా పక్కన రాయి మీద కూర్చుంది. ఫ్లాస్కు టీ పోసి ఇచ్చాను, ఒక సకినం ఇచ్చాను. సొంత పళ్లే ఉన్నట్టున్నాయి, కటుక్కున కొరికింది. బాగా నమిలింది. ఆలోచించింది. ఏదో అన్నది. మౌనిక నవ్వు ఆపుకుంటూ చెప్పింది:

“మంచిగుందట పెద్దమ్మా. ఉప్పు జర తక్కువట.”

మా వదిన వంటకు ఉప్పు తక్కువన్న మనిషిని నేను అరవై ఒక్క ఏళ్లకు, సముద్రం దాటివచ్చి, ఆ రాళ్ల మీద చూశాను. నాకు నవ్వు పొంగుకొచ్చింది. కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాను. ఎందుకు నవ్వుతున్నావని నోరీన్ అడిగింది. చెప్పక తప్పలేదు. మా అమ్మ పాడే పాట ఒకటి ఉందని, అందులో ఆడబిడ్డ వచ్చి కూరకు ఉప్పు తక్కువైందని కుండంతా నాకుతుందని, మాకు నిజంగానే అట్లాంటి ఆడబిడ్డ ఉందని, ఆమెతో పందెం ఉందని, అన్నీ చెప్పాను. మౌనికకు తెలుగులోంచి ఇంగ్లీషులోకి తిప్పి తిప్పి దాహం వేసింది.

నోరీన్ లేచి తువ్వాలు దులుపుకుంది. సాయంత్రం ఐదింటికి ఫలానా చోట పాటలుంటాయి, తనూ పాడుతుంది, వచ్చి ఆ పాట పాడమన్నది.

ఆమె పోయాక మౌనిక మెల్లగా చెప్పింది. “పెద్దమ్మా, ఆ జాగ పబ్బు.”

“పబ్బంటే?”

“మందు తాగే కాడ.”

పాల్వంచలో వైన్ షాపు ఉన్న పక్కన నేను నడవను, రోడ్డు దాటి అవతలి పక్కన నడుస్తాను. మా ఆయనకు తెలిస్తే ఏమంటాడు అనుకున్నాను. తర్వాత గోడలోని ఆ చిన్న తలుపు గుర్తొచ్చింది.

“పోదాం పా. మీ పెదనాయనకు మాత్రం సంగీత సభ అని చెప్పు.”

నీళ్లు చల్లిన డప్పు

లోపలికి పోయాక చూస్తే నేను భయపడ్డట్టు లేదు. పసిపిల్లలున్నారు, ముసలమ్మలున్నారు, బల్ల కింద ఒక కుక్క పండుకుని ఉంది. మూలన బల్ల చుట్టూ ఏడెనిమిది మంది వాయిద్యాలు పట్టుకుని కూర్చున్నారు. నాకు అలవాటు కదా, చెప్పులు విడవబోయాను. మౌనిక నా మోచెయ్యి పట్టుకుంది.

అందరి ముందూ నల్లటి బీరు గ్లాసులు. కల్లుకు పైనా తెలుపే, లోపలా తెలుపే. దీనికి పైన తెల్లటి నురుగు, కింద బొగ్గు. బొగ్గు బెల్టు దగ్గర డ్యూటీ చేసి వచ్చిన మా ఆయన స్నానానికి పోసుకున్న మొదటి చెంబు నీళ్లు అదే రంగులో కారేవి. నేను నారింజ రసం తాగాను.

వాళ్లు వాయించేటప్పుడు వినేవాళ్ల వైపు చూడరు. గుండ్రంగా కూర్చుని ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. వినేవాళ్లకు కనిపించేది వీపులే. మన బతుకమ్మ ఆట అంతే కదా, చూసేవాళ్ల కోసం ఎవరు ఆడతారు? నాకు అక్కడే సగం భయం పోయింది.

ఎర్ర గడ్డం ఆయన దగ్గర జల్లెడంత డప్పు ఉంది. మేకతోలే. చిన్న పుల్లతో, చెయ్యి కదిలినట్టే కనిపించకుండా వాయిస్తున్నాడు. మధ్యలో ఆపి, సంచిలోంచి సీసా తీసి తోలు మీద నీళ్లు చల్లాడు. నేను అయ్యో అన్నాను. మన దగ్గర డప్పును మంట ముందు పెట్టి కాస్తారు, తడి తగిలితే ప్రాణం పోయినట్టు చూస్తారు. ఎందుకు చల్లావని మౌనిక చేత అడిగించాను. లోపల వేడికి తోలు బిగిసి గొంతు పైకి పోతుందట, నీళ్లు చల్లితే కిందికి దిగుతుందట. నా గొంతుకు కూడా ఎవరైనా అట్లా చల్లితే బాగుండు అనుకున్నాను.

కొంతసేపటికి వాయిద్యాలు ఆపారు. ఎవరో నోరీన్‌ను పిలిచారు. ఆమె లేవలేదు, కూర్చున్నచోటే కళ్లు మూసుకుంది. పక్కనున్న ముసలాయన ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆమె పాడుతుంటే ఆ పట్టుకున్న చేతిని మెల్లగా గుండ్రంగా తిప్పుతూ ఉన్నాడు, ఇసుర్రాయి తిప్పినట్టు. మందు తాగే ఆ చోట ఉన్నంత నిశ్శబ్దం నేను గుళ్లో కూడా చూడలేదు. భద్రాచలంలో ప్రవచనం జరుగుతుంటే మేం వెనక కూర్చుని చింతపండు ధర మాట్లాడుకుంటాం.

పాట అయిపోయింది. నోరీన్ కళ్లు తెరిచి వేలు నావైపు చూపింది.

“అయ్యో పెద్దమ్మా” అన్నది మౌనిక. “ఈడ గిది ఆచారమట. పాడినోళ్లు ఇంకొకలను పిలుస్తరు. పిలిస్తే కాదనొద్దట.”

ఇసుర్రాయి

నేను వదినకు ఫోను కలపమన్నాను. ఆమె కళ్లతో చూడకపోతే నేను పాడి ఏం లాభం? అక్కడ ఐదున్నర, మనకు పది. వదినకు సీరియల్ టైము. మొదటిసారి కట్ చేసింది. పబ్బులో యాభై మంది నా వదిన కోసం ఎదురు చూస్తున్నారు. రెండోసారి ఎత్తింది.

“ఏందే, కత్తిలాంటి సీన్ల ఫోన్ చేస్తవ్” అని మొదలుపెట్టి, తెర మీద తెల్ల ముఖాలు చూసి ఆగింది. “ఎవలే వీళ్లంత? ఏడున్నవే నువ్వు?”

“సంగీత సభల. చూడు వదినా, కండ్లతోటి చూడు.”

మౌనిక ఫోనును ఒక బీరు గ్లాసుకు ఆనించి నిలబెట్టింది. గ్లాసు తెరలో పడకుండా పెట్టమని నేను సైగ చేశాను.

నోరీన్ వచ్చి పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకుంది. ఆమె చెయ్యి ఇంకా సముద్రమంత చల్లగా ఉంది. నేను ఎత్తాను, ఆమె నా చెయ్యి తిప్పడం మొదలుపెట్టింది.

*ఉప్పు తక్కువన్నది ఉయ్యాలో, మా ఆడిబిడ్డ ఉయ్యాలో*
*కుండ నాకి చూసింది ఉయ్యాలో, అడుగు దాక ఉయ్యాలో*

రెండో చరణంలో నా గొంతు ఎప్పటిలాగే కాలు ఎత్తింది, ఉరకబోయింది. నోరీన్ చెయ్యి ఉరకలేదు. తిప్పుతున్న తీరునే మెల్లగా, బరువుగా తిప్పుతూ ఉంది. అప్పుడు తెలిసింది నాకు. మా అమ్మ ఈ పాట వట్టిగా ఏనాడూ పాడలేదు. రాయి తిరిగినంత సేపే పాడింది. రాయి బరువు పాటను పట్టి ఉంచేది. నేను రాయిని చండ్రుగొండలో వదిలేసి పాటను మాత్రం తెచ్చుకున్నాను.

ఐదు చరణాలూ పాడాను. ఆఖరు దాకా. మౌనిక అర్థం చెబితే ఆడవాళ్లు బల్లలు చరిచి నవ్వారు. వాళ్లకూ ఆడబిడ్డలు ఉన్నారు మరి.

ఫోనులో వదిన కనురెప్ప వేయకుండా చూస్తూ ఉంది. ఇక ఊరుకుంటే బాగుండేది. కాని ఆచారం ఆచారమే, పాడినవాళ్లు ఇంకొకరిని పిలవాలి. నేను వేలు ఎత్తి ఫోనువైపు చూపించాను.

యాభై ముఖాలు ఫోనువైపు తిరిగాయి. నలభై మందిని ఆడించే మా వదిన ఒక్కసారి కొంగు నెత్తి మీదికి లాక్కుంది.

“నాకు గొంతు పట్టింది” అన్నది. “పొద్దుగాల నుంచి జలుబు.”

“పిలిస్తే కాదనొద్దట వదినా.”

“నెత్తికి నూనె పెట్టుకున్ననే. మీ అన్నయ్య పండుకున్నడు. నీకేమన్న బుద్ధి ఉందా?”

పాటకు మాత్రం నోరు లేవడం లేదు ఆమెకు. ముప్పై ఏళ్లలో నేను చూడనిది అది. జాలి కూడా వేసింది, కొంచెం.

“పోనియ్ వదినా. నేను పాడత. నువ్వు చప్పట్లు కొట్టు, చాలు.”

ఒక్క క్షణం నన్ను తెరలోంచి కొరికేటట్టు చూసింది. తర్వాత ఫోను దేనికో ఆనించి, రెండు చేతులూ ఎత్తి కొట్టడం మొదలుపెట్టింది. నేను మళ్లీ మొదటినుంచి పాడాను. సముద్రాలు దాటి రావాలి కదా, ఆమె చప్పట ప్రతిసారీ ఒక అడుగు వెనక వస్తుంది. ఎర్ర గడ్డం ఆయన కాసేపు విని, నవ్వి, ఆ ఆలస్యపు చప్పట్ల సందులోనే డప్పు వేశాడు. ఫిడేలు వాయించే ఆమె అందుకుంది. మా అమ్మ పాట ఎన్నడూ వేసుకోని బట్టలు వేసుకుని పబ్బంతా తిరిగింది.

రైల్లో తిరిగి వచ్చేటప్పుడు వాయిస్ మెసేజ్ వచ్చింది. వదిన గొంతు. “మూడో చరణంల మాట తప్పినవ్. ఇంకోటి, ఆ ముసలామె చేతిల గ్లాసు నేను చూసిన. సంగీత సభనట.”

సద్దులనాడు

నేను ఇల్లు చేరేసరికి కథ నాకన్నా ముందే చేరింది. మా వాడంతా చెప్పుకుంటున్నారు, సరోజనమ్మ ఫోనులోంచి చప్పట్లు కొట్టకపోతే ఐర్లాండులో శాంత పాట నిలబడేదే కాదట. నేను కాదనలేదు. సకినాల సంగతి మాత్రం నోరీన్ మాటతో సహా అందరికీ చెప్పాను.

సద్దులనాడు బతుకమ్మలను మధ్యలో పెట్టి గుండ్రంగా నిలబడ్డాం. అందరూ వదినవైపు చూశారు. వదిన నావైపు చూసింది.

“ఎత్తు మరి” అన్నది. అని నా వెనక నిలబడింది. మాట అంటే మాటే ఆమెకు.

ఎత్తాను. మొదటి చరణం బాగానే నడిచింది. నలభై మంది అందుకునేసరికి నా గొంతు కాలు ఎత్తింది. రెండో చరణంలో ఉరకడం మొదలైంది. నాకే తెలుస్తోంది, ఆపలేకపోతున్నాను.

వెనకనుంచి ఒక చెయ్యి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. గట్టిగా, మణికట్టు దగ్గర. పట్టుకుని మెల్లగా గుండ్రంగా తిప్పడం మొదలుపెట్టింది. ఫోనులో ఆమె కనురెప్ప వేయకుండా చూసింది ఏమిటో అప్పుడు తెలిసింది నాకు.

“ఉరకకే” అన్నది వదిన నా చెవిలో. “బస్సు యాడికీ పోదు.”